మేకలు ముందు, మనుషులు తర్వాత: జావా కొండల్లో ఒక కేసు

ఇండోనేషియాలో, సెంట్రల్ జావాలో, సెరాయు నదికి ఎగువనున్న కొండల్లో ఒక చిన్న పల్లె కేసు ఇది. ఊరి పేరు చెప్పను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని చిన్న చిన్న సంగతులు అటూ ఇటూ మార్చాను. కానీ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నా. నా పని విపత్తుల ముందుజాగ్రత్త, అంటే కొండచరియలు విరిగిపడే చోట, వరదలొచ్చే చోట జనం టైముకి బయటపడేలా ఊరివాళ్ళతో కూర్చుని ప్లాన్ వేయడం. మన తీరప్రాంతంలోనో ఏజెన్సీలోనో ఇదే పని చేసేవాళ్ళకి పనికొస్తుందని తెలుగులో పెడుతున్నా.

ఊరి సంగతి

అక్కడ పంచాయతీ స్థాయి ఊరిని దెసా అంటారు, దాని కింద పల్లెలు దుసున్‌లు, దుసున్ లోపల కొన్ని పదుల ఇళ్ళకి ఒక ఆర్‌టీ, ఆ ఆర్‌టీకి ఒక పెద్ద. మా దుసున్‌లో రెండు ఆర్‌టీలు, ఒకటి కొండవాలు మీద, ఇంకోటి కింద చదునులో. పైవాళ్ళు కిందకి రావాలంటే ఒకటే సిమెంటు రోడ్డు, అదీ రెండు బైకులు ఎదురైతే ఒకళ్ళు ఆగాల్సినంత సన్నం. 2014లో గ్రామ చట్టం వచ్చాక, 2015 నుంచి కేంద్రం ఊళ్ళకి నేరుగా డబ్బులిస్తోంది, ఇలాంటి రోడ్లు చాలా ఆ డబ్బుతో వేసుకున్నవే. ఈ ఒక్క రోడ్డు సంగతి గుర్తుపెట్టుకోండి, కేసంతా చివరికి దీని మీదకే వస్తుంది.

పంటలంటే సలక్ తోటలు (పాము పొలుసుల్లాంటి తొక్క ఉండే పండు), కర్రపెండలం, కలపకి సెంగోన్ చెట్లు. డబ్బు మాత్రం మేకల్లో ఉంటుంది. పిల్లాడి ఫీజంటే ఒక మేక, ఆస్పత్రంటే ఒక మేక, బక్రీద్ ముందు మంచి పోతు ఉంటే ఆ ఏడాది గట్టెక్కినట్టే. అక్కడ బాగా పెంచేది ఎతావా సంకరం, డచ్చివాళ్ళ కాలంలో మన ఉత్తరప్రదేశ్ ఎటావా వైపు నుంచి తీసుకెళ్ళిన జమునాపారి మేకలకీ అక్కడి మేకలకీ పుట్టిన జాతి, పొడుగు చెవులు, వంపు తిరిగిన ముక్కు, చూడగానే మనూరి సంతలో ఉన్నామా అనిపిస్తుంది. ఇంకో సంగతి, అన్ని మేకలూ పెంచేవాళ్ళవే కాదు. టౌన్లో ఉండేవాళ్ళు కొని ఊళ్ళో పాలుకి, అంటే వాటాకి, ఇస్తారు, పుట్టిన పిల్లల్లో చెరి సగం, దాన్ని గాదుహ్ అంటారు. అంటే ఆ మేక పోతే నష్టంతో పాటు ఊరవతల ఒక మనిషికి జవాబు చెప్పుకోవాలి.

2014 డిసెంబర్ 12న బంజర్‌నెగర జిల్లాలో జెంబ్లుంగ్ అనే పల్లె మీద కొండ విరిగిపడి 90 మందికి పైగా చనిపోయారు. ఈ చుట్టుపక్కల కొండల్లో అది తెలియని మనిషి లేడు. కాబట్టి వీళ్ళకి ప్రమాదం గురించి తెలీదు అనుకుంటే పొరపాటే.

సమస్య ఏంటంటే

పై ఆర్‌టీకి ఎగువన, సలక్ తోట మధ్యలో, గుర్రపు నాడా ఆకారంలో నేల పగులు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత, వానాకాలంలో కనపడదు, ఎందుకంటే బురద నిండిపోతుంది. రెండు ఇళ్ళలో తలుపులు పట్టేస్తున్నాయి, గడపలు వంకరపోయాయి. ఊట నీళ్ళు పెద్ద వాన తర్వాత టీ రంగులో వస్తున్నాయి. అగ్నిపర్వతాల మట్టి అది, లోతుగా మెత్తగా కుళ్ళిన రాయి, దాని మీద ఇళ్ళ కోసం వాలు కోసేయడం, ఇళ్ళకి పైన చేపల గుంటలు తవ్వడం, ఇవన్నీ కలిసి నేలని నానబెడుతున్నాయి.

మాకొచ్చిన సమస్య ఇది కాదు. పగుళ్ళు ఉన్న ఊళ్ళు జావాలో వందల్లో ఉంటాయి. పెద్ద వాన పడ్డ రాత్రి ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కిందున్న స్కూలుకి వచ్చేస్తున్నారు, మగవాళ్ళు రావట్లేదు, అదీ అసలు సమస్య. దెసా ఆఫీసు రిపోర్టులో మాత్రం ‘అధిక శాతం ప్రజలు తరలివెళ్ళారు’ అని ఉంటుంది, లెక్క ప్రకారం అబద్ధం కూడా కాదు, మిగిలిపోయినవాళ్ళు అందరూ ఇరవై నుంచి అరవై మధ్య మగాళ్ళే అన్నది ఆ మొత్తం అంకెలో మునిగిపోతుంది. సర్వే ఫారంలో ‘హెచ్చరిక వస్తే వెళ్తారా’ అని అడిగితే వీళ్ళంతా వెళ్తామనే టిక్కు పెట్టారు.

మాకంటే ముందు చేసినవి

అంతకుముందు ఒక ప్రాజెక్టు వాళ్ళు పగులుకి అడ్డంగా తీగ కట్టి సైరన్ పెట్టి వెళ్ళారు. నేల జరిగితే తీగ లాగుతుంది, సైరన్ మోగుతుంది. పద్ధతి మంచిదే, యోగ్యకర్తాలోని గజ మద యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి ఇలాంటివి చేశారు, ఊరివాళ్ళే నడుపుకునే కొండచరియల హెచ్చరిక వ్యవస్థకి 2018లో ఐఎస్ఓ 22327 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది, దాని వెనక వీళ్ళ అనుభవమే ఉంది. కానీ ఈ ఊళ్ళో గడ్డి కోసుకునేవాళ్ళ మోపులు తగిలి తీగ లాగడం, సైరన్ ఊరికే మోగడం, జనం విసుక్కోవడం, చివరికి బ్యాటరీ అయిపోతే కొత్తది ఎవరు కొనాలో తేలకపోవడం, దాంతో డబ్బా అక్కడే తుప్పు పడుతోంది. ఐఎస్ఓ ప్రమాణంలో పరికరం అన్నది ఒక భాగమే, కమిటీ, ప్లాన్, డ్రిల్లు, మెయింటెనెన్స్ మిగతావి, ఇక్కడ పరికరం ఒక్కటే వచ్చింది.

తర్వాత అవగాహన సదస్సులు. పోస్టర్లు, వీడియో, భోజనం ప్యాకెట్లు. మగవాళ్ళు వచ్చి తలూపి వెళ్ళారు. ఆ పోస్టర్‌లో ఉన్న లక్షణాలు, అంటే చెట్లు వాలడం, ఊట బురదగా మారడం, తలుపులు పట్టేయడం, ఇవన్నీ వాళ్ళే మాకు ముందు చెప్పారు, మాకంటే వివరంగా. అందుకే ఇంకో సదస్సు పెట్టమని పైనుంచి సూచన వచ్చినా వద్దన్నాం. తెలిసిన మనిషికి మళ్ళీ చెప్తే వాడు మర్యాదకి వింటాడు, అంతే.

రాత్రి అడిగితే

పగలు మీటింగులో అడిగితే పగటి జవాబులే వస్తాయి కాబట్టి రోండా పోస్టులో కూర్చున్నాం. రోండా అంటే ఊరి రాత్రి కాపలా, ఇంటికొకరు వంతుల వారీగా వస్తారు, దారి పక్క చిన్న పాక, అందులో చాప, కాఫీ ఫ్లాస్కు, గాప్లే ముక్కలు (డామినో లాంటి ఆట), వేడి వేడి మెందోఅన్ (పులియబెట్టిన సోయా గింజల అచ్చు టెంపే, దాని ముక్కని పిండిలో ముంచి సగం వేయించి తీసేది, కరకరలాడకుండా మెత్తగా ఉంటుంది, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి). అర్ధరాత్రి దాటాక ఇద్దరు లేచి ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ముందూ ఒక చిన్న డబ్బా వేలాడుతూ ఉంటుంది, అందులో గుప్పెడు బియ్యమో 500 రూపయ్య (అక్కడి కరెన్సీ) నాణెమో, దాన్ని తీసుకుంటూ పోతారు. దాన్ని జింపితన్ అంటారు. ఇందులో గమ్మత్తేంటంటే డబ్బా ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఏదో తేడా అని తెలుస్తుంది, నాణెం మర్నాడు ఇంకా అలాగే ఉంటే కాపలావాళ్ళు తిరగలేదని ఇంటివాళ్ళకి తెలుస్తుంది. ఇంత చవకైన రెండువైపుల తనిఖీ నేనింకెక్కడా చూడలేదు.

అక్కడ ఒకాయన, యాభై దాటినవాడు, ముక్క వేస్తూ తలెత్తకుండా అన్నాడు: ‘మాస్ (అన్నా లాంటి పిలుపు), కొండ పడుతుందో లేదో దేవుడికి తెలుసు. నేను కిందకి దిగితే దొంగ పైకొస్తాడని మాత్రం నాకు తెలుసు.’

తర్వాత ఒక్కొక్కరు మొదలుపెట్టారు. రెండేళ్ళ కింద ఇలాగే స్కూల్లో పడుకున్న రాత్రి మూడు మేకలు, ఒక బైకు పోయాయి. వాన చప్పుడులో మేక అరుపు వినపడదు, దొంగ పికప్ రోడ్డు మలుపులో ఆపి పైకెళ్ళి ఎత్తుకుపోయాడు. ఆ మూడింటిలో రెండు పాలుకి తెచ్చినవి, ఆ మనిషి ఇప్పటికీ కడుతున్నాడు. ఊరంతా ఆ లెక్క వేసుకుంది. కొండ ఎప్పుడో ఒకసారి పడుతుంది, దొంగతనం ఖాళీ చేసిన రాత్రే జరిగింది.

మన తుఫాను సెంటర్లలో పనిచేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అయితే మన దగ్గర పశువుల పలుపులు విప్పి వదిలేయమని చెప్తాం, ప్రాణాలు అవి కాపాడుకుంటాయని. ఇక్కడ అది కుదరదు, కట్టెలతో ఎత్తుగా కట్టిన దొడ్లలో పెరిగిన మేకలు, పుట్టిన దగ్గర్నుంచి గడ్డి వాటి దగ్గరికే వస్తుంది, విప్పితే పక్కవాడి కర్రపెండలంలో పడతాయి, లేదా దొంగ పని ఇంకా తేలికవుతుంది.

మేకల తర్వాత రెండోది బైకు. బైకుకంటే దాని బీపీకేబీ, అంటే ఓనర్‌షిప్ పుస్తకం. అది తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంటారు, బైకు పోయినా పుస్తకం ఉంటే ఒక దారి, రెండూ పోతే ఏం లేదు. మూడోది భూమి కాగితాలు, ఇది కొంచెం విడమర్చి చెప్పాలి.

భూమి భయం

ఆ ఊళ్ళో చాలా ఇళ్ళకి పక్కా సర్టిఫికెట్ లేదు. దెసా ఆఫీసులో లెటర్ సి అని ఒక పాత పుస్తకం ఉంటుంది, పన్ను రిజిస్టర్‌లాగా మొదలైంది, అందులో తాత పేరు ఉంటుంది, వీళ్ళ దగ్గర దాని నకలు ఉంటుంది. 2017 నుంచి పీటీఎస్ఎల్ అని ఊరూరా సామూహికంగా కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే ప్రోగ్రాం నడిచింది, జావాలో మనిషి కట్టాల్సిన ఖర్చు 150 వేల రూపయ్య, హద్దురాళ్ళు పాతుకోవాలి, పక్కవాళ్ళు సంతకం పెట్టాలి. వాలు మీద నేల మెల్లగా జారే చోట హద్దురాయి కూడా జారుతుంది కదా, పక్కవాడు సంతకం దగ్గర ఆగిపోతాడు.

దీని మీద ఒక పుకారు. పగుళ్ళని మ్యాపులో ఎర్రగా వేస్తే ఆ భూమికి సర్టిఫికెట్ రాదు అని. దీనికి కొస ఒకటి చట్టంలో ఉంది మరి, 1960 నాటి భూమి చట్టం 27వ సెక్షన్‌లో భూమి నాశనమైతే దాని మీద హక్కు పోతుందని రాసుంది. ఆ మాట ఎవరో సగం విని ఊళ్ళోకి తెచ్చారు. ఫలితం ఏంటంటే ప్రమాదం ఎక్కువున్న రెండు కుటుంబాలు పగులు మీద ఎండాకులు కప్పేసి మాకు చూపించలేదు. పగుళ్ళని బంకమట్టితో కూరి గట్టిగా తొక్కించాలి, లేకపోతే నీరు లోపలికి దిగుతుంది, ఆకులు కప్పితే వాన నేరుగా కొండ కడుపులోకే పోతుంది.

ఇక్కడ మా ముందు రెండు దారులు. చట్టం చదివి వినిపించి పుకారు తప్పని వాదించడం ఒకటి. మా మ్యాపులోంచి భూమిని తీసేయడం రెండోది. మేం రెండోదే పట్టుకున్నాం. మ్యాపులో ఇళ్ళు, దారులు, వాగు, స్కూలు, పగుళ్ళు ఉంటాయి, ఎవరి కమతం ఎక్కడిదాకా అన్న గీత ఒక్కటి కూడా ఉండదు, పేర్లు ఉండవు, ఎర్ర రంగు వాడం. బయటపడడానికి కావాల్సింది ఇల్లు ఎక్కడ, దారి ఎక్కడ అన్నదే, హద్దులతో మాకేం పని. అది చూపించాక ఆకులు వాళ్ళే తీశారు. పుకారు నిజమా కాదా అన్న చర్చ మేం పెట్టనే లేదు, దాన్ని గెలిచే బలం మాకు లేదని నాకు అనిపించింది.

ఫెయిలైనవి

సైరన్ బదులు కెంతోంగన్ వాడదామన్నారు పెద్దలు. చెక్కతోనో వెదురుతోనో చేసిన బోలు దుంగ, మధ్యలో చీలిక, కర్రతో కొడితే కొండ అవతలికి వినపడుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. ప్రమాదం అంటే తితిర్, ఆపకుండా గబగబా కొట్టడం. రాత్రి డ్రిల్లు పెట్టి తితిర్ కొట్టాం.

మగవాళ్ళు అందరూ ఒక్క నిమిషంలో బయటికొచ్చారు, టార్చిలతో, వెదురు కర్రలతో. కిందకి దిగలేదు. సగం మంది దొడ్ల దగ్గరికి, సగం మంది రోడ్డుకి అడ్డంగా. వాళ్ళ చెవికి ఆ మోత అంటే దొంగ. ఆ రాత్రి బంధువుల ఇంటికి వచ్చిన వేరే ఊరి కుర్రాడు బైకు మీద ఎదురొచ్చాడు, ఆర్‌టీ పెద్ద టైముకి గుర్తుపట్టబట్టి సరిపోయింది, లేదంటే దెబ్బలు పడేవి. ఇండోనేషియా పల్లెల్లో దొంగ అనుకుని గుంపు కొట్టి చంపేసిన ఘటనలు ఉన్నాయి, కాబట్టి దీన్ని నవ్వి వదిలేసే సంగతి కాదనుకున్నాం. జనం తప్పేం లేదు, వాళ్ళకి అలవాటైన మోతకి అలవాటైన పనే చేశారు. మార్చాల్సింది మోతని.

రోండా పోస్టు గోడ మీద ఒక రంగు వెలిసిన బోర్డు ఉంది, జావా పల్లెల్లో చాలా చోట్ల కనపడుతుంది. రెండేసి దెబ్బలు దొంగతనం, మూడేసి నిప్పు, నాలుగేసి ప్రకృతి విపత్తు, అయిదేసి పశువుల దొంగతనం. అక్కడే ఉంది జవాబు, ముసలాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నాలుగు దెబ్బలు, ఆపు, నాలుగు దెబ్బలు అని మళ్ళీ మొదలుపెట్టించాం, దానికి తోడు మసీదు మైకులో ఒకే ఒక వాక్యం. కరెంటు పోతే మైకు ఉండదు, అందుకే కెంతోంగన్ తీసేయలేదు. పిల్లలకి నేర్పిస్తే వారంలో ఊరంతా బెంచీల మీద నాలుగు నాలుగు కొట్టడం మొదలుపెట్టారు, టీచరు మమ్మల్ని తిట్టింది.

తర్వాతి డ్రిల్లులో మోత సరిపోయింది, మేకలు కుదర్లేదు. మోత వినగానే మేకల్ని కూడా దించుదాం అన్నది ప్లాను. ఈనిన మేక పిల్లల్ని వదిలి రాదు, పోతులు రెండు ఎదురైతే కుమ్ముకుంటాయి, తడిసిన సిమెంటు వాలు మీద గిట్టలు జారతాయి. ఆ సన్నటి రోడ్డు మీద మేకలు ఆగిపోతే వాటి వెనక కర్ర పట్టుకుని ఒక మామ్మ, ఆవిడ వెనక చంకలో బిడ్డతో కోడలు, అందరూ ఆగిపోయారు. డ్రిల్లు కాబట్టి సరిపోయింది.

అప్పుడే ఈ కేసులో నాకు ముఖ్యం అనిపించే నిర్ణయం జరిగింది. మనుషులు ఆలస్యంగా అయినా వేగంగా కదలగలరు. మేకలు వేగంగా కదల్లేవు, కానీ ముందే కదపొచ్చు. రెండింటినీ ఒకే మోతకి, ఒకే రోడ్డు మీద కలపడం దేనికి? కాబట్టి పగులుకి దగ్గరున్న ఇళ్ళ మేకల్ని వానాకాలం ముదరకముందే, ఎండ ఉన్న రోజు, పగలు, కిందకి దించేసి నాలుగు నెలలు అక్కడే ఉంచాలి.

వేరే దారులూ చూశాం. ప్రభుత్వ సబ్సిడీ పశు బీమా ఉంది గానీ అది ఆవులకీ గేదెలకీ. ఇళ్ళే కిందకి మార్చడం అంటే తోట పైన, ఇల్లు కింద, కాపలా మళ్ళీ సమస్యే, పైగా భూమి భయం. ఎప్పటికైనా అదే సరైన దారి కావచ్చు, కానీ ఈ వానాకాలానికి అది అందదు.

పనిచేసింది

కింది ఆర్‌టీలో స్కూలుకి కొంచెం దూరంగా ఉమ్మడి దొడ్డి కట్టారు, అంతా శ్రమదానం, వెదురూ సెంగోన్ చెక్కా వాళ్ళదే. రోగం అంటుకుంటుందని, ఎవరి మేక ఎవరిదో తేడా వస్తుందని ఇంటికొక గది విడిగా. గడ్డి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇవన్నీ ఒక సాయంత్రంలో తేలాయి. నాలుగు మీటింగులకి కూడా తేలనిది పెంట. సలక్ తోటకి మేక పెంటే ఎరువు, ఎత్తు దొడ్డి కాబట్టి చెక్కల సందుల్లోంచి కిందపడి అందరిదీ కలిసిపోతుంది. ఎక్కువ మేకలున్నవాడు నాది ఎక్కువ అంటాడు, తక్కువున్నవాడు బస్తాలు సమానం అంటాడు. చివరికి ఒక ఆవిడ లేచి, పైన గదులు వేరు చేసినట్టే కింద కూడా వెదురు తడికలు కట్టండి అంది. అంతే, అయిపోయింది.

పాలుకి తెచ్చిన మేకలకి ఇంకో చిక్కు. టౌన్లో ఉన్న ఓనరు ‘దొడ్డిలో చస్తే ఎవరిది నష్టం’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక పేజీ కాగితం రాసి, దాని మీద 10,000 రూపయ్య మెతెరై, అంటే మన రెవెన్యూ స్టాంపులాంటిది, అంటించి సంతకాలు పెట్టించాం: వానాకాలంలో దించడానికి ఓనరు ఒప్పుకున్నాడు, రోగంతో పోతే చెరి సగం, దొంగతనం అయితే రోండా కమిటీ విచారణ. స్టాంపు ఉంటే గానీ అది కాగితం కాదక్కడ.

ఇక కాపలా. ఖాళీ అయిన ఇళ్ళ దగ్గర మనుషుల్ని పెడదామని మొదట వాళ్ళే అన్నారు, కుర్రాళ్ళు ముందుకొచ్చారు కూడా. దీనికి మాత్రం నేను గట్టిగా అడ్డం పడ్డా. జనాన్ని దించేసి కాపలావాణ్ణి జారే కొండ కింద కూర్చోబెడితే మనం చేసిందేంటి? దొంగకి కావాల్సింది ఇల్లు కాదు, రోడ్డు. మేకనీ బైకునీ ఎత్తుకుని సలక్ ముళ్ళలోంచి రాత్రిపూట ఎవడూ దిగడు. కాబట్టి రోండా పోస్టుని కిందకి, రోడ్డు మొదట్లోకి, జారే నేలకి బయటికి మార్చి వెదురు గేటు పెట్టారు. అతిథులు 24 గంటల్లో ఆర్‌టీకి చెప్పాలన్న బోర్డు ఎప్పట్నుంచో ఉన్నదే, ఈసారి నిజంగా పుస్తకంలో రాయడం మొదలైంది. ఊరికి కేటాయించిన పోలీసాయన నంబరు గేటు మీదే, పట్టుకుంటే కొట్టకుండా ఫోన్ చేయాలని కింద పెద్దక్షరాలతో.

పైవాళ్ళ కోసం కిందవాళ్ళు ఎందుకు మేలుకోవాలి అన్న ప్రశ్న వచ్చింది, రావాలి కూడా. కింది ఆర్‌టీ తాగే నీళ్ళు పై ఊట నుంచి పైపుల్లో వస్తాయి, ఆ పైపులు బాగుచేసేది పైవాళ్ళు. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు, ఒక ముసలాయన పైపు సంగతి మాటల్లో తెచ్చాడు, కిందవాళ్ళు వంతులు రాసుకున్నారు. జింపితన్ డబ్బుల్లోంచి కాఫీ, టార్చి బ్యాటరీలు.

కాగితాల పని ఆడవాళ్ళది. పదేసి ఇళ్ళకి ఒక దసవిస్మ గ్రూపు ఉంటుంది, వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఫ్యామిలీ కార్డు, బీపీకేబీ, లెటర్ సి నకలు ఫోటోలు తీసి, ఒరిజినల్స్‌ని జిప్ కవర్లో పెట్టించి తలుపు వెనక మేకుకి తగిలించారు. ఒరిజినల్స్ అన్నీ దెసా ఆఫీసులో పెడదామని ఎవరో అన్నారు, వద్దన్నాం. కాగితం చెయ్యి దాటితే నిద్రపట్టని మనుషులు వాళ్ళు, కాగితం ఇల్లు దాటితే మనిషి ఇల్లు దాటడు.

ఎప్పుడు దిగాలి అన్నది కూడా వాళ్ళకే వదిలాం. పగులుకి రెండు వైపులా రెండు మేకులు, మధ్య కొలత గీసిన కర్ర, కోసిన వాటర్ బాటిల్‌తో వాన కొలత. ఆర్‌టీ పెద్ద సాయంత్రం చూసి, గీత దాటితే మగ్రిబ్ (పొద్దుగూకే వేళ) నమాజుకి ముందే అందరూ కిందకి. అర్ధరాత్రి నిర్ణయాలు వద్దని దీనికి అర్థం. నాలుగు దెబ్బల మోత అనుకోకుండా వచ్చినదానికే. ఆ గీత ఎంత దగ్గర అన్నది ఇక్కడ రాయను, ఆ నేలకి ఆ గీత, వేరే కొండకి పట్టుకెళ్తే ప్రమాదం.

ఆ తర్వాతి జనవరిలో

మూడు రోజులు వదలకుండా వాన. సాయంత్రమే దిగారు, మగవాళ్ళు కూడా, ఉమ్మడి దొడ్డిలో మేకలు పక్కనే ఉన్నాయి కాబట్టి కొందరైతే స్కూల్లో కాకుండా దొడ్డి పక్కనే పడుకున్నారు. తెల్లవారుజామున వాలు జారింది. రెండు ఖాళీ దొడ్లు, ఒక వంటిల్లు, సలక్ తోట ఒక ముక్క. మనుషులకి ఏం కాలేదు, ఏదీ దొంగతనం కాలేదు.

కానీ జారడానికి కొన్ని గంటల ముందు ఒకాయన గేటు దాటి పైకి వెళ్ళొచ్చాడు. మేకలు కిందే ఉన్నాయి, బైకు కిందే ఉంది, కాగితాలు జేబులో. వెళ్ళింది పిట్ట కోసం. మురై బతు అనే, బాగా పాడే పిట్ట, పోటీల్లో గెలిచినదైతే మేకకంటే ఖరీదు. పంజరం వసారాలో మర్చిపోయాడు. గేటు దగ్గరున్న కుర్రాళ్ళు పెద్దాయన్ని ఆపలేకపోయారు. ఊళ్ళో ఆస్తులు రాసుకున్నప్పుడు మేకలు రాశాం, కోళ్ళు కూడా రాశాం, పిట్టల సంగతి ఎవరూ చెప్పలేదు, జావాలో ప్రతి వసారాలో పంజరం వేలాడుతున్నా సరే. ఇప్పుడు స్కూలు వరండాలో పంజరాలకి కొక్కేలు ఉన్నాయి, గేటు దగ్గర రాత్రిపూట కుర్రాళ్ళతో పాటు ఒక వయసున్న మనిషి కూడా ఉండాలని రూలు.

వేరే ఊళ్ళకి నేను ఇక్కణ్ణుంచి తీసుకెళ్తున్నవి కొన్ని ఉన్నాయి. తరలింపు లెక్కలో మొత్తం అంకె అడగను, పని వయసు మగవాళ్ళు ఎంతమంది అని విడిగా అడుగుతా. మీరు వెళ్తారా అని అడగడం మానేశా, మీరు వెళ్తే ఇక్కడ ఎవరుంటారు అని అడుగుతా, అదీ రాత్రి. కాపలా లేని తరలింపు ప్లాను చూస్తే సంతకం పెట్టను, కాపలావాడు ప్రమాదం లోపల కూర్చునే ప్లాను చూస్తే అసలే పెట్టను. ఉమ్మడి దొడ్డి ప్రతిచోటా కుదురుతుందని మాత్రం చెప్పలేను, ఇక్కడ పైపు నీళ్ళ బాకీ ఉంది కాబట్టి కిందవాళ్ళు మేలుకున్నారు, అలాంటి బాకీ లేని చోట కూలీ ఇచ్చి కాపలా పెట్టాల్సి రావచ్చు.

తేలనివి కూడా ఉన్నాయి. స్కూలు కమిటీ దొడ్డి వాసన గురించి కంప్లైంటు పెట్టింది, వాళ్ళు చెప్పేదీ నిజమే. ఒక కుటుంబం ఇప్పటికీ మేకల్ని దించలేదు, ఆయన మలేషియాలో పనిచేస్తాడు, భార్య ఫోన్లో అడిగిన ప్రతిసారీ వచ్చాక చూద్దాం అంటాడు. దీనికంటే పెద్దది క్యాలెండరు. బక్రీద్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, 2024లో జూన్ మధ్యలో వచ్చింది, 2030కల్లా ఏప్రిల్‌కి, ఆ తర్వాత మార్చికి వచ్చేస్తుంది, అంటే వానాకాలం లోపలికి. ఇప్పటిదాకా మేకలు ఖరీదుగా ఉండే నెలలు వేరు, కొండ నానే నెలలు వేరు. అవి రెండూ కలిశాక, అమ్మకానికి మేపిన పోతులన్నీ ఒకే దొడ్డిలో, టౌన్ వ్యాపారులూ పికప్‌లూ అదే గేటు దగ్గర రాత్రీ పగలూ, చెల్లించేది కూడా అక్కడే. అప్పుడు రోండా పుస్తకంలో ఎవరు అతిథి, ఎవరు బేరగాడు అన్నది ఎలా రాయాలో ఆర్‌టీ పెద్ద ఇప్పట్నుంచే అడుగుతున్నాడు, దొడ్డికి ఇంకో వరస గదులు ఎటువైపు పెంచాలో కొలతలు కూడా వేసుకున్నాడు.